రోజుకొక తప్పు చెయ్యమన్న మేడమ్

ఇందుమూలముగా వరంగల్, హనుమకొండ, కాజీపేట వాసులందరికీ తెలియజేయడమేమనగా, నేటి నుండి మూడు దినములు నా చేతుల మీదుగా ఎవరి సైకిల్ గాలీ తీయబడదు, ఎవరి చాయలోనూ ఉప్పు పడదు, దావత్‌లలో ఎవరి చెప్పులూ తారుమారు కావు. కారణం, మా కంప్యూటర్ మేడమ్ సోమవారం పొద్దున దవాఖానలో కన్నుమూసింది. నాలుగో రోజు నుండి ఎవరి జాగ్రత్తలో వాళ్లుండాలి. బతికుంటే ఆమె కూడా అదే అనేది.

సంతాప సభలో ఒక్కొక్కరే లేచి, ఆమె శాంతమూర్తి అనీ, అందరితో సర్దుకుపోయేదనీ చెప్పారు. నేను వెనక కుర్చీలో కూర్చుని పళ్లు కొరికాను. అంతగా సర్దుకుపోయే మనిషిని హనుమకొండ నుంచి తీసుకెళ్లి స్టేషన్ ఘన్‌పూర్‌లో పాత కాగితాల గోదాముకు ఎందుకు విసిరేశారో ఒక్కడూ చెప్పలేదు. నేను చెప్తాను.

ఎనభైల మొదట్లో హనుమకొండలోని మా సర్కారు సెంటర్‌కు కంప్యూటర్ వచ్చింది. బీరువాలంత పెట్టెలు, వాటికో చల్లటి గది, మాకు ఉక్కపోత వరండా. బడి పిల్లల పరీక్ష మార్కులు అందులో కూడి ఫలితాలు అచ్చువేసేవారు. నేను అక్కడ అటెండర్ని, ఏడో తరగతి తప్పినవాణ్ణి. మెషిన్ ఎలా నడవాలో చెప్పే సెట్టింగులు కొన్ని ఉండేవి. ఏ టేపు చదవాలి, ఏ ప్రింటర్‌కు పంపాలి, కూడిక మళ్లీ సరిచూడాలా వద్దా, ఇలాంటివి. ఒక్కటి మారినా పాసైన పిల్ల ఫెయిలైపోవచ్చు. అందుకే మేడమ్ ఒక ప్రోగ్రాం రాసింది. పొద్దున మెషిన్ వేయగానే అది తనంతట తానే సెట్టింగులన్నీ పరీక్షించేది. తేడా ఉంటే ఏది తప్పో అచ్చుకొట్టి, సరిచేసేదాకా పని చెయ్యనని మొండికేసేది.

ఒకరోజు నేను రెండు స్విచ్చుల చీటీలు అటుదిటు, ఇటుదటు అంటించి దొరికిపోయాను. నౌకరీ పోయిందనుకున్నాను. మేడమ్ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ, "చేతులు గులగుల పెడ్తున్నయా? రేపటి సంది రోజుకొక సెట్టింగు నువ్వే చెడగొట్టు. ఏది చెడగొట్టినవో నాకు చెప్పకు. నా ప్రోగ్రాం పట్టాలె" అన్నది.

"పట్టకపోతే, మేడమ్?"

"నీకు మిర్చీలు, నాకు బుద్ధి."

ఏ మీటలు నొక్కాలో ఆమే నేర్పింది. అల్లరి చేసినందుకు సర్కారు జీతం తీసుకున్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. లేని ప్రింటర్ ఉన్నట్టు రాసినప్పుడు ప్రోగ్రాం పట్టలేదు. మేడమ్ పడిపడి నవ్వి, చౌరస్తా నుంచి వేడి మిర్చీ బజ్జీలు తెప్పించింది. నేను తింటుంటే ఆమె ఆ తప్పును పట్టే కొత్త వరుస ప్రోగ్రాంలో రాస్తూ కూర్చుంది. చల్లారిన మిర్చి తినడం ఆమెకు అలవాటే. "మంచిగున్నదని చెప్పెటోళ్లు మస్తుమంది. చెడగొట్టి చూసెటోడు ఒక్కడన్న ఉండాలె" అనేది.

ఒక ఏడాది ఫలితాలు విడుదల చేయడానికి పెద్ద అతిథి వస్తున్నాడని మా పెద్ద సారు హడావుడి పడ్డాడు. అచ్చు తొందరగా కావాలని ముందురోజే కూడిక సరిచూసే సెట్టింగును తీసేయించాడు. పొద్దున ప్రోగ్రాం దాన్ని పట్టేసింది. మెషిన్ కదలలేదు. బయట షామియానా, దండలు. సారు మొదట నావైపే చూశాడు. ఆ ఒక్క రోజు నేను నిర్దోషిని. సంగతి తెలిశాక, అసలు ప్రోగ్రాం చేసే ఆ పరీక్షనే తీసిపారెయ్యమన్నాడు. మేడమ్ అన్నది:

"పిల్లలకు పరీక్ష పెట్టినోళ్లం సార్. వాళ్ల మార్కులు కూడే డబ్బాకు పరీక్ష పెట్టొద్దా? నేను తియ్య."

సెట్టింగు మళ్లీ పెట్టి సరిచూస్తే, టేపు చెడిపోయి నెక్కొండ వైపు పిల్లల లెక్కల మార్కులన్నీ సున్నాలుగా వస్తున్నాయని తేలింది. అతిథి చాయ తాగి వెళ్లిపోయాడు. ఫలితాలు మర్నాడు సరిగ్గా వచ్చాయి. వాటి వెనకే ఆమె బదిలీ కూడా వచ్చింది.

ఆమె బదిలీ మీద వెళ్లగానే సారు ప్రోగ్రాం చేసే పరీక్షను తీయించాడు. నా డ్యూటీ మాత్రం నేను మానలేదు. మెషిన్‌లో తారీఖును ఏడాది ముందుకు తోశాను. పట్టేవాడు లేడు. వచ్చే ఏటి తారీఖుతో, సారు సంతకంతో ఉత్తరాలు హైదరాబాదు దాకా పోయాయి. వారం తిరక్కముందే పరీక్ష తిరిగొచ్చింది. మేడమ్‌ను మాత్రం తిరిగి రానివ్వలేదు. కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఎప్పుడు కలిసినా, మంచిగున్నవా అని అడగకముందే "ఇయ్యాల ఏం చెడగొట్టినవ్?" అని అడిగేది.

ఇక ఒక సంగతి. సారుతో అన్నట్టు పైన రాసిన మాటలు ఆమెవి కావు, నేను కల్పించినవి. చాయ హోటళ్లలో చెప్పి చెప్పి నాకే నిజమనిపించాయి. ఆ పొద్దున మేడమ్ ఒక్క మాటా అనలేదు. కుర్చీ లాక్కుని మెషిన్ ముందు కూర్చుని, సారు తీయించిన సెట్టింగు మళ్లీ పెట్టింది. వెనక సారు అరుస్తూనే ఉన్నాడు. బయట మైకులో అతిథి వచ్చేశాడని చెప్తున్నారు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, ప్రింటర్ నుంచి జానెడు జానెడుగా దిగుతున్న కాగితాన్ని అరచేతిలోకి తీసుకుని, ఒక్కో వరుస మీద వేలు జరుపుతూ చదువుతోంది. తల తిప్పలేదు.