మా బావ పొద్దుగాల గోలీ

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. గోదావరిఖనిలో నాలుగు చినుకులు పడితే చాలు, నేను చెప్పేసరికి ఓపెన్‌కాస్టు గనిలో పడవలు తిరుగుతుంటాయి. కాబట్టి ఇందులో ఎక్కడైనా అంకె కనబడితే సగానికి కోసుకోండి, కన్నీళ్లు కనబడితే పావుకు దించుకోండి. అదంతా ఉప్పూకారం కింద లెక్క. ఒక్కచోట మాత్రం ఉప్పు కాదు, ఏకంగా కూరే మార్చేశాను. అది ఎక్కడో చివర చెబుతాను.

ఇవాళ పొద్దున ఫోనులో ఒక సందేశం వచ్చింది. నా సర్టిఫికెట్టు గడువు తీరబోతోందట, రెన్యువల్ చేయించుకోవాలట. ఆ సర్టిఫికెట్టు మా ఇంటి గోడ మీద, నాయన రిటైరైననాటి శాలువా ఫోటోకూ బైబిలు వాక్యాల క్యాలెండరుకూ నడుమ వేలాడుతూ ఉంటుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల మందుల విషయంలో నేను ప్రత్యేక నిపుణుడినని అందులో ఇంగ్లీషులో రాసి ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాలు దాన్ని భూమి పట్టా అనుకుని ఎన్ని ఎకరాలని అడుగుతారు.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మందులిచ్చేవాడికి ఇంత చదువుంటుందని ఎవరూ అనుకునేవారు కాదు. నేను దవాఖానలో మందుల కిటికీ వెనక కూర్చునేవాణ్ని. ఆ కిటికీ ఎంత చిన్నదంటే, పదిహేనేళ్లు పనిచేశాక ఊళ్లో సగంమంది నా చేతిని బజారులో గుర్తుపట్టేవారు గాని నా మొహాన్ని గుర్తుపట్టేవారు కాదు. చదువురానివాళ్ల కోసం కవరు మీద పొద్దుటి గోలీకి సూర్యుణ్ని, రాత్రి గోలీకి చందమామను గీసి ఇచ్చేవాణ్ని. నా సూర్యుడికి మీసాలు కూడా ఉండేవి. ఆ మీసాల సూర్యుడే తరువాత నా కొంప ముంచినంత పని చేశాడు.

నన్ను ఆ కిటికీ వెనకనుంచి లేపి మళ్లీ చదువులో కూర్చోబెట్టింది మా అక్క కిడ్నీ. బావ భూగర్భ గనిలో పనిచేసేవాడు. రెండు కిడ్నీలూ పాడైతే, అక్క మారుమాట లేకుండా తనది ఒకటి తీసి ఇచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. ఆ తరువాత బావను గని లోపలికి దింపకుండా, లోపలికి వెళ్లేవాళ్లకు టోపీ దీపాలిచ్చే లాంప్‌రూములో వేశారు. పని తేలికే గాని షిఫ్టులు మాత్రం మూడూ ఉండేవి, వారానికొకటి చొప్పున మారుతూ.

నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా బావ కడుపు మీద చెయ్యేసుకుని నవ్వేవాడు.

"ఏంరా బామ్మర్ది, మీ ఇంటి సామాను సూసుకుందామని వచ్చినవా? సల్లగున్నది, ఫికర్ జెయ్యకు."

"మాది మాకు జాగ్రత్తగ అప్పజెప్పు బావా," అనేవాణ్ని నేను. అక్క ఇద్దరినీ తిట్టి చాయ్ ఇచ్చేది.

నవ్వులు నవ్వులే గాని, ఆ కిడ్నీతో పాటు వచ్చిన మందుచీటీ నా కిటికీ దగ్గరికి వచ్చిన రోజు దాన్ని నాలుగుసార్లు చదివాను. పెట్టిన కిడ్నీని ఒళ్లు పరాయి వస్తువనుకుని తరిమెయ్యకుండా, బతికినన్నాళ్లూ పన్నెండు గంటలకొకసారి వేసుకోవలసిన గోలీ అది. తక్కువైతే ఒళ్లు కిడ్నీ మీద తిరగబడుతుంది, ఎక్కువైతే ఆ గోలీయే కిడ్నీని తినేస్తుంది. అది పోతే ఇంకోటి ఇవ్వడానికి అక్క దగ్గర లేదు. ఇంత పెద్ద విషయాన్ని డబ్బాలోంచి తీసి కవర్లో పెట్టి ఇవ్వడం తప్ప నాకేమీ తెలియదని ఆ రోజు మొదటిసారి అర్థమైంది. ఆ మందుల మీదే ప్రత్యేకంగా ఒక పెద్ద పరీక్ష ఉంటుందని విని, నలభై ఏళ్లు దగ్గరపడుతుండగా దరఖాస్తు పెట్టాను.

దానికి చదవాల్సిన పుస్తకం గనిలో బొగ్గు మోసే టబ్బంత ఉండేది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కితే ఆటో ఒక పక్కకు ఒరిగి, డ్రైవరు ఇద్దరు లావుపాటివాళ్లను అవతలి పక్క కూర్చోబెట్టేవాడు. అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నా పరీక్షకూ బావ కిడ్నీకీ కలిపి ఒకే ప్రార్థన చేయించేది. దాంతో సంఘంలో సగంమంది నేను కిడ్నీ పరీక్ష చేయించుకుంటున్నానని అనుకుని, నా ముందు ఉప్పు తక్కువ వేసిన కూరలు పెట్టేవారు.

మొదటిసారి ఫెయిలయ్యాను. కొద్దిలో పోయిందని అందరికీ చెప్పాను. ఆ "కొద్దిలో" ఎంతో మీరే రెట్టింపు చేసుకోండి.

అదే నెలలో బావ రక్తపరీక్ష కూడా ఫెయిలైంది. రక్తంలో ఆ మందు ఒకసారి చూస్తే అడుగంటి ఉంది, ఇంకోసారి చూస్తే ఆకాశంలో ఉంది, దానికి తోడు కిడ్నీ పనితనం దిగిపోతోంది. హైదరాబాదు డాక్టరుగారు, నువ్వు గోలీలు మింగుతున్నావా పారేస్తున్నావా అని గద్దించారట. చెప్పకుండా డ్యూటీ మానేయడాన్ని గనుల్లో నాగా అంటారు. బావకు అంతకంటే పెద్ద తిట్టు లేదు.

"ముప్పై ఏండ్ల డ్యూటీల ఒక్క నాగా పెట్టలేదు సార్ నేను, గోలీకి నాగా పెడతనా?" అని డాక్టరుగారి ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఈ కన్నీళ్లను మాత్రం పావుకు దించకండి.

ఇక నేను రంగంలోకి దిగాను. బావకు రాత్రి షిఫ్టు నడుస్తున్న వారంలో ఒక మధ్యాహ్నం, పుస్తకాన్ని మోసుకుని వాళ్ల క్వార్టర్‌కి వెళ్లి కూర్చున్నాను. మూడు గంటలకు బావ నిద్ర లేచాడు. పళ్లపొడి వేసుకుని తోమాడు, తువ్వాలు దులిపాడు, పరిగడుపున మంచినీళ్లు పట్టుకుని నేను సూర్యుణ్ని గీసిన కవరు విప్పాడు.

"ఏంది బావా, పొద్దుగాల గోలీ గిప్పుడేసుకుంటున్నవ్?"

"నేను లేసిందే గిప్పుడు గద! మరెప్పుడేసుకోవాలె?"

"పొద్దుగాల ఏడింటికి వేసుకోవాలె."

"ఏడింటికి నేను డ్యూటీ దిగి పండుకునేటందుకొస్త. అది నాకు రాత్రి. నీ మీసాల సూర్యుడు నా షిఫ్టు సూసుకుని లేస్తడార బామ్మర్ది?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. మూడింటికి "పొద్దుగాల గోలీ", డ్యూటీకి పోయేముందు పదింటికి "రాత్రి గోలీ". రెండింటికీ నడుమ ఏడే గంటలు, ఆపైన పదిహేడు గంటలు ఏమీ లేదు. వారం మారితే షిఫ్టు మారుతుంది, దానితో పాటు బావ పొద్దుగాల కూడా మారుతుంది. మనిషి ఒక్క గోలీ మానలేదు. మేము రాసిందల్లా అక్షరం తప్పకుండా చేశాడు. తప్పు మా సూర్యుడిది.

డాక్టరుగారికి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. ఆయన, మోతాదు ముట్టుకోవద్దు, ముందు వేళలు సరిచెయ్యండి అన్నారు. ఆ రోజునుంచి మా ఇంట్లో పొద్దుగాల, రాత్రి అనే మాటల్ని గోలీల విషయంలో నిషేధించాం. పొద్దున ఏడింటికి షిఫ్టు మారేటప్పుడు గని సైరన్ కూస్తుంది కాబట్టి అది సైరన్ గోలీ. సాయంత్రం ఏడింటికి సైరన్ లేదు. ఆ లోటు అక్క ప్రెషర్ కుక్కర్ తీర్చింది. సరిగ్గా ఏడింటికి మొదటి కూత వచ్చేలా పెట్టేది, అది కుక్కర్ గోలీ. నేను కవర్ల మీద మీసాల సూర్యుణ్ని కొట్టేసి సైరన్ బొమ్మ, కుక్కర్ బొమ్మ గీశాను. రెండో షిఫ్టు వారంలో బావ ఏడింటికి డ్యూటీలో ఉండేవాడు గనక లాంప్‌రూము వాళ్లంతా ఆ పని నెత్తినేసుకున్నారు. గడియారం ఏడు కొట్టడం ఆలస్యం, ఎవరో ఒకరు "కాకా, కుక్కర్!" అని అరిచేవారు. ఆ అరుపు ఎక్కడో ఉన్న గోలేటి గనుల దాకా వినబడేదంటే నమ్మండి. పోనీ, కాస్త ఇవతలున్న కాసిపేట దాకా.

రెండు నెలలకు బావ రక్తంలో మందు ఒక దారికి వచ్చింది, కిడ్నీ నిలబడింది.

రెండోసారి పరీక్షకు వెళ్లాను. అందులో ఏమడిగారో బయటపెట్టనని సంతకం చేశాను కాబట్టి చెప్పను. కానీ మొదటిసారి ప్రతి రోగినీ ఒక రక్తపరీక్ష కాగితంలా చూసి మందు పెంచాలా తగ్గించాలా అని కొట్టుకున్నవాణ్ని, రెండోసారి ప్రతి ప్రశ్నలోనూ లాంప్‌రూములో నిలబడ్డ ఒక మనిషిని చూశాను. పాసయ్యాను. అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెబుతూ, పిల్లగాడు నిలబడ్డడు, కిడ్నీ పాసయింది అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడా గనిలో బొగ్గు అయిపోయింది, దాని సైరన్ మూగబోయింది. కూత వినగానే ఊరంతా ఒకేసారి గడియారం సరిచేసుకునే రోజులు పోయాయి. ఎవరి వేళ వాళ్ల ఫోనులో ఒంటరిగా మోగుతోంది. అక్క వంటింట్లో కరెంటు కుక్కరొచ్చింది, అది కూత పెట్టదు. బావ రిటైరై అందరిలాగే సూర్యుడితో పాటు లేస్తున్నాడు. అయినా ఏడింటికి ఫోను మోగితే "సైరన్ కూసింది" అనే అంటాడు. నా కిటికీ పోయి అద్దాల కౌంటరొచ్చింది, జనానికి నా మొహం కూడా తెలిసింది, అది వాళ్ల కర్మ. ఇదే సర్టిఫికెట్టు కోసం చదువుతున్న ఇద్దరమ్మాయిలు సాయంత్రాలు నా దగ్గరికి వస్తారు. సెక్యూరిటీ గార్డు వచ్చినా, ఆటో నడిపేవాడు వచ్చినా, మందివ్వబోయే ముందు వాళ్లు అడిగే మొదటి మాట, మీరు ఎన్నింటికి లేస్తారు అని. వాళ్లు అలా అడుగుతుంటే నాకు మళ్లీ ఎక్కడో సైరన్ కూసినట్టుంటుంది.

ఇక కూర మార్చిన చోటు. ఆ మధ్యాహ్నం నేను వెళ్లిన మాట నిజం, బావ మూడింటికి గోలీ తీసిన మాట నిజం. కనిపెట్టింది మాత్రం నేను కాదు. మొదటి పరీక్షకు పదిరోజుల ముందు అక్క ఫోన్ చేసి, "తమ్మీ, పొద్దుగాల అంటే ఏ పొద్దుగాల? ఆయనదా, మనదా?" అని అడిగింది. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా, "పొద్దుగాల అంటే పొద్దుగాలనే అక్కా, నన్ను జర సదువుకోనియ్యి," అని పెట్టేశాను. పరీక్ష పోయి, కిడ్నీ పోయేలా ఉన్నప్పుడు గాని ఆ మాట నా చెవికెక్కలేదు. నేను వెళ్లేసరికి అక్క వాళ్లింటి వాక్యాల క్యాలెండరు మీద రెండు నెలల షిఫ్టులూ, గోలీ వేసుకున్న వేళలూ పెన్సిలుతో గీసి ఉంచింది. నేను చేసిందల్లా దాన్ని పైకి చదవడమే.

రెన్యువల్ దరఖాస్తు ఇప్పుడు నా ముందే ఉంది. పేరు రాయడానికి ఒకే గడి ఇచ్చారు. ఎంత సన్నగా రాసి చూసినా అందులో ఇద్దరం పట్టడం లేదు.