ఒక్కటే కిటికీ

మా బాబాయి ముప్పై ఏళ్లు బేకరీలో ఓవెన్ ముందు నిలబడ్డాడు. వీధిలో అందరికీ ఆయన బ్రెడ్డు బాబాయే. తెల్లవారకముందే వెళ్లి, కనుబొమ్మల నిండా పిండితో మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. రెండు ముద్దలు తిని పడుకునేవాడు. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. గదికి ఒక్కటే కిటికీ.

ఆ కిటికీలోంచి చెయ్యి చాపితే అందేటంత దూరంలో పక్క బిల్డింగులో టైలరమ్మ కిటికీ. బాబాయి నిద్రపోగానే పిన్ని ఇటు, టైలరమ్మ అటు కూర్చుని గుసగుసగా కబుర్లాడుకునేవాళ్లు. టైలరమ్మకు చూపు తగ్గాక సూదులు ఇటు వచ్చేవి. పిన్ని దారాలెక్కించి అటు అందించేది. ఒకరింటికొకరు వెళ్లాలంటే మూడంతస్తులు దిగి మూడంతస్తులు ఎక్కాలి. పిన్నివి చూస్తే అంతంతమాత్రం మోకాళ్లు.

ఒక ఎండాకాలం బాబాయి ఓవెన్ దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాడు. మధ్యాహ్నం చల్లటి చోట నిద్రపోకపోతే ఈ పని మానుకోవాల్సిందేనన్నాడు డాక్టరు. ఏసీ కొనడానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. పిన్నికి చెప్పలేదు, ఒక్కసారిగా చూపించి ఆశ్చర్యపరుద్దామని.

షాపులో సేల్స్‌మన్ ఓపికున్న మనిషి. గది కొలతలు, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, గదిలో ఎందరుంటారు, అన్నీ అడిగాడు. బాబాయి అడుగులతో కొలిచి కాగితం మీద రాసుకొచ్చాడు. ఒక టన్ను చాలంటే బాబాయి కంగారుపడ్డాడు. టన్ను బరువు మూడో అంతస్తుకు ఎవరు మోస్తారని ఆయన భయం. టన్నంటే బరువు కాదని సేల్స్‌మన్ నవ్వకుండానే చెప్పాడు. గోడకు పెట్టే స్ప్లిట్ ఏసీ అయితే చప్పుడు తక్కువ, కానీ గోడకు కన్నం పెట్టాలి, ఇంటి ఓనర్ని ఒప్పించాలి. ఎవరినైనా ఒక మాట అడగాలంటే బాబాయికి చచ్చేంత మొహమాటం. రెండోది కిటికీలో కూర్చునేది, రేపే బిగించేస్తారు.

"ఆ కిటికీతో మీకు పనేం లేదు కదా?" అన్నాడు సేల్స్‌మన్.

"గాలే రాదు, ఇంక దాంతో పనేముంటుంది?" అన్నాడు బాబాయి.

నేనూ పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

మర్నాడు ఏసీ వచ్చింది. చుట్టూ మిగిలిన సందుల్ని చెక్కలతో మూసేశారు. పిన్ని చాలాసేపు దాని వంకే చూసి, చల్లగా ఉందండీ అంది. ఆ వేసవంతా బాబాయి హాయిగా నిద్రపోయాడు, మొహం తేటపడింది. పిన్ని, టైలరమ్మ మొదట్లో ఫోన్లో మాట్లాడుకున్నారు. కానీ ఫోనంటే ఏదో పని ఉండాలి. వాళ్ల మధ్య పనులేమున్నాయి గనక. నాలుగు రోజులకోసారి, తర్వాత పదిరోజులకోసారి, ఆ తర్వాత అదీ లేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు కింద ఇస్త్రీ కొట్టతను మాటల్లో చెప్పాడు. టైలరమ్మకు చూపు బాగా పోయిందట, చెల్లెలు వచ్చి తీసుకెళ్లి అప్పుడే వారమైందట. వెళ్లేముందు స్కేలుతో ఏసీ వెనక రేకు మీద చాలాసేపు కొట్టిందట. పిన్నికి వినపడలేదు. అప్పుడు ఏసీ నడుస్తోంది.

బాబాయి అడ్రసు కనుక్కొని, సెలవు పెట్టి పిన్నిని బస్సులో తీసుకెళ్లాడు. వెంట నేనూ ఉన్నాను. టైలరమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. పిన్ని గొంతు వినగానే "వదినా" అంది. పిన్ని చెయ్యి పట్టుకుని, జాకెట్టు చేతి అంచు వేళ్లతో తడిమి చూసింది.

"ఎవరు కుట్టారిది? దారం లూజుగా వదిలేశారు."

బాబాయి గేటు దాకా వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. తన మీద కోపమా అని టైలరమ్మను అడగాలనుకుని అడగలేకపోయానని ఆయన నాతో తర్వాత చెప్పాడు.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక అన్నాడు: "వద్దని ఒక్క మాట అనుంటే తీయించేసేవాణ్ణి కదా."

"అంత సంబరంగా తెచ్చారు. ఎలా అనమంటారు?" అంది పిన్ని.

ఆ వారమే ఏసీ ఊడదీయించాడు. కిటికీ తెరిస్తే ఎదురుగా కొత్తగా అద్దెకొచ్చినవాళ్ల పరదా, లోపల ఎవరిదో దగ్గు. పిన్ని కాసేపు నిలబడి చూసి, మీకు నిద్రుండదు, మళ్లీ పెట్టించండి అంది. బాబాయి మళ్లీ ఎండాకాలం దాకా వినలేదు. ఎండలు ముదిరి, ఆయనకు మళ్లీ కళ్లు తిరిగితే పిన్నే మెకానిక్‌ను పిలిపించి బిగించింది. టైలరమ్మ దగ్గరికి ఇంకో రెండుసార్లు వెళ్లొచ్చారు. ఆ తర్వాత పిన్ని మోకాళ్లు బస్సు మెట్లెక్కనివ్వలేదు. ఇప్పుడు ఆదివారాలు బాబాయే ఫోను కలిపి పిన్ని చేతికిస్తాడు. పనేమీ లేకపోయినా మాట్లాడుకోమని చెప్పి, వంటింట్లోకి వెళ్లి కూర్చుంటాడు.