వంత పాడిన గొంతు

ఎనభైల మొదట్లో కొత్తగా వచ్చే పాటల కేసెట్ల గురించి ఒక వారపత్రికలో రాసేవాణ్ని. పగలు పోర్టులో గుమాస్తా పని, సాయంత్రం మద్దిలపాలెంలో నా అద్దె గదిలో కేసెట్లు వినడం. పత్రిక వన్ టౌన్ సందులో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యేది. దాన్ని చదివేవాళ్లకంటే అందులో పకోడీలు కట్టించుకునేవాళ్లే ఎక్కువని మా ఎడిటరే నవ్వేవాడు. అయినా నాకు గర్వం నెత్తికెక్కి కూర్చుంది. పొగిడితే ఎవరూ గుర్తుపెట్టుకోరు, వెక్కిరిస్తే టీకొట్టు దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ కిటుకు నాకు తొందరగానే ఒంటబట్టింది. ఒక గాయకుడి గొంతుకి జలుబు చేసిందని రాశాను. ఇంకో కేసెట్లో తబలాకి సెలవిచ్చి పంపేయమన్నాను.

"నీ రాతలో కారం ఎక్కువ బావా. మనోళ్లకి అదే కావాలి" అనేవాడు ఎడిటర్.

ఒకరోజు పోర్టులో కలాసీగా పనిచేసే ఒకతను నన్ను వెతుక్కుంటూ అక్కడి నా ఆఫీసుకి వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా ఆరోజు నాకోసం వేసుకొచ్చాడు. రుమాలు విప్పి ఒక కేసెట్ నా బల్ల మీద పెట్టాడు. ఏసు మీద తనే పాటలు కట్టుకున్నాడట. ఎరువు తెచ్చిన టేప్‌రికార్డర్లో ఇంట్లోనే పాడి, వన్ టౌన్‌లో ఒక రికార్డింగు షాపులో పాతిక కాపీలు తీయించి, చర్చికి వచ్చేవాళ్లకి పంచాడట.

"మీరు పేపర్లో రాత్తారంట కదా బాబూ. ఇది కూడా ఇని నాలుగు ముక్కలు రాయండి. మా ఇంటిది కూడా పాడినాది, వంత."

విన్నాను. ఒకసారి కాదు, పెన్సిల్ చేత్తో పట్టుకుని రెండుసార్లు విన్నాను. అతని గొంతు బాగుంది. ఆ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాను. మిగతా జాగా అంతా అతని భార్యకే ఖర్చుపెట్టాను. "ఇది రెండుసార్లు విన్నాక చెబుతున్న మాట. వంత గొంతు ప్రతిసారీ ఒక్క అడుగు వెనకబడుతోంది. దాన్ని తీసేస్తే ఈ కేసెట్ బతుకుతుంది" అని ముగించాను. ఆ వాక్యం మీద నాకు ఎంత ముచ్చటంటే, అచ్చుకి ఇవ్వకముందే ఎడిటర్‌కి రెండుసార్లు చదివి వినిపించాను.

పత్రిక వచ్చిన వారానికి అతను మళ్లీ వచ్చాడు. గొడవకే వచ్చాడనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. అతను దండం పెట్టాడు.

"తప్పు సూపించినారు, మంచిదే బాబూ. దానికి సదువు రాదు. కాగితం సూసి పాడలేదు, నా నోరు సూసి పాడతాది. అందుకే ఎనకబడిపోతాది. మీరు రాసింది సదివి ఇనిపించాను. నవ్వీసింది. నిజమే కదా, నువ్వొక్కడివే పాడు అన్నాది."

అప్పుడైనా నాకు సిగ్గు కలగాలి. కలగలేదు. నా రాత వల్ల ఒక కేసెట్ బాగుపడుతోందని సంతోషించాను. అతను పంచిన కాపీలన్నీ ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఉన్న అసలు కేసెట్‌తో సహా అన్నిటినీ చెరిపేసి, వాటిమీదే ఒక్కడే పాడిన పాటలు ఎక్కించుకున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. ఈసారి మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాశాను.

ఏడాది గడిచిందేమో. ఒక ఆదివారం పొద్దున్న నా గది గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది. భార్యకి జ్వరం వచ్చిందనీ, పెద్దాసుపత్రిలో చేర్పించిన నాలుగో రోజున పోయిందనీ చెప్పాడు. లోపలికి రమ్మన్నాను. చాప మీద కూర్చున్నాడు.

"పాత కేసెట్ మీ కాడొక్కటే ఉండిపోనాది బాబూ. అందరి కాడా తెచ్చీసి సెరిపీసినాను. మీది మాత్రం అడగలేదు. ఓపాలి ఇత్తే ఇనుకుంటాను."

రాయడం అయిపోయిన కేసెట్‌ని నేను దాచుకునే రకం కాదు. పాట చెరిగిపోకుండా వెనకవైపు విరిచేసిన చిన్న పలక చోట కాగితం మడిచి కుక్కితే ఏ కేసెట్ మీదైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. సమీక్ష రాసిన రాత్రే రేడియోలో వచ్చే సినిమా పాటలు ఆమె గొంతు మీద ఎక్కించేశాను. తెలిసి కూడా కాసేపు పెట్టెలో వెతికినట్టు నటించాను. తర్వాత చెప్పేశాను.

అతను కోప్పడలేదు. "ఏదీ, ఓపాలి ఎయ్యండి" అన్నాడు. వేశాను. రెండు వైపులా సినిమా పాటలే. పాటకీ పాటకీ మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా టేప్‌రికార్డర్ మీదికి వంగి చెవి పెట్టేవాడు. నేను అటు చూడలేకపోయాను.

కేసెట్ అయిపోయింది.

"పోన్లెండి బాబూ. మీరు రెండుపాల్లు ఇన్నారు కదా. దాని గొంతు ఎలగుండీదో ఓ కాగితం మీద రాసిచ్చీయండి. అది మాటాడితే ఎలగుంటాదో నాకు తెలుసు. పాడినప్పుడు మాత్రం నా పాట గోలలో నానుండిపోనాను. దాన్ని ఇన్నేదు."

వచ్చే ఆదివారం రమ్మన్నాను. ఆ వారమంతా కాగితం ముందు కూర్చున్నాను. సన్నగా ఉండేదా ఆ గొంతు? బొంగురుగానా? పై స్థాయికి వెళ్తే పగిలేదా? ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆమె పాటని శ్రద్ధ పెట్టి విన్నవాణ్ని నేనొక్కణ్నే, నేను కూడా ఎంత వెనకబడిందో కొలవడానికే విన్నాను. చివరికి నాకు చేతనైన పని చేశాను. తేనె, వెన్నెల, తెల్లారగట్ల గాలి, చేతికి దొరికినవన్నీ కలిపి ఒక పేజీ నింపాను. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. అంత బాగా ఎప్పుడూ రాయలేదనిపించింది.

ఆదివారం అతను వచ్చాడు. చదివి వినిపించమన్నాడు. కళ్లు మూసుకుని, పెదవులు కదలకుండా విన్నాడు. అయిపోయాక కాగితం అందుకుని ఇటూ అటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మడత పెట్టాడు.

"శానా బాగా రాసినారు బాబూ" అన్నాడు. "ఇది అది కాదు."

కాగితాన్ని నా బల్ల మీద పెట్టేసి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.