తడి కార్డు

ఆ ల్యాబులో అందరూ ఆమెను పిన్నిగారు అంటారు. ముక్కు మీదే కోపమని వెనకాల, చేతిపని బంగారమని ముందర చెప్పుకుంటారు. రెండూ నిజమే. పుట్టిన బిడ్డల మడమ గుచ్చి, దళసరి కార్డు మీద ఆరబెట్టి పంపిన నెత్తుటి చుక్కల్ని పరీక్షించడం ఆమె పని.

ఆ చుక్కలో ఆమె వెతికేది చిన్న చిన్న డీఎన్‌ఏ ఉంగరాలను. గుండెకు పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. రోగాన్ని గుర్తుపట్టే టీ-కణాలు పెరిగేది అక్కడే. ఒక్కో కణం తన జన్యువుల్లోంచి కొంత కోసేసి, మిగిలిన ముక్కలను అతికించుకుని, రోగక్రిమిని పట్టే తనదైన గ్రాహకాన్ని తయారు చేసుకుంటుంది. కోసేసిన ముక్క ఉంగరంలా చుట్టుకుని కణంలోనే ఉండిపోతుంది. దర్జీ కొట్లో నేల మీద గుడ్డపేలికలు ఉన్నాయంటే బట్టలు కుడుతున్నట్టు. ఒక్క పేలికా లేదంటే మిషను తిరగడం లేదు. ఉంగరాలు లేని బిడ్డలో టీ-కణాలు లేనట్టే, జలుబు కూడా ప్రాణం మీదకు తెస్తుంది.

సోమవారం పొద్దున ఒక కార్డు సున్నా చూపించింది. మళ్ళీ చేసింది. మళ్ళీ సున్నాయే. చుక్క పాడైందేమోనని అందరిలోనూ ఉండే మరో జన్యువును కొలిచింది. అది నిండుగా ఉంది. అంటే రక్తం బాగుంది, ఉంగరాలే లేవు.

మగబిడ్డ, పుట్టి ఆరు వారాలు. ట్రే నిండితే గానీ యంత్రం నడపకూడదని ల్యాబు నడిపే పెద్దసారు ఆజ్ఞ, అందుకే ఆ కార్డు నెల పైన పెట్టెలో పడి ఉంది. ఆరో వారంలో పిల్లలకు నోట్లో పోలియో చుక్కల మందు వేస్తారు. అందులో ఉండేవి బలం తగ్గించిన క్రిములే అయినా బతికున్నవి. మిగతా పిల్లలకు అది రక్ష, ఈ బిడ్డకు విషం.

పెద్దసారు గదికి వెళ్లి చెప్పింది. సున్నా వస్తే కార్డు తడిగా అంది పాడైందని రాసి, ఇంకో కార్డు అడగడం అక్కడి ఆనవాయితీ. లేనిపోని భయాలు పుట్టిస్తే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారట. రక్తం బాగానే ఉందని ఆమె అంకెలు చూపించింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

"తడి అని రాసేయండి. ఇళ్లకు ఫోన్లు చేయడం మన పని కాదు," అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద సగమే. ఇన్నేళ్లూ ఆ మాట రాసిన చెయ్యి ఎవరిది? రాయమంటే రాసింది, కుక్కిన పేనులా పడి ఉంది. సిగ్గు లేని బతుకు అనుకుంది. బల్ల దగ్గరికి వచ్చి కార్డు మీది నంబరుకు ఫోన్ చేసింది.

తల్లి ఎత్తింది. టీకాల గది ముందే ఉన్నామని, తమ ముందు ఇద్దరే ఉన్నారని చెప్పింది.

"అమ్మా, లైన్లోంచి బయటికి రండి. బాబుకు ఆ చుక్కలు పడకూడదు."

అసలు మీరెవరని ఆ తల్లి నిలదీసింది. రెండు బస్సులు మారి వచ్చామని, వేయించకుండా వెళ్తే అత్తగారు బతకనివ్వదని అంది. పెద్దసారు గుమ్మంలోకి వచ్చి, ఫోన్ పెట్టేయమని చెయ్యి ఊపాడు. పిన్నిగారు ఆయనకు వీపు తిప్పి నిలబడి, ల్యాబు పేరు, కార్డు సంగతి, బిడ్డ ఒంట్లో లేనిదేమిటో అన్నీ చెప్పేసింది.



"మా పెద్దబాబుకు కూడా మీ ల్యాబు నుంచే కాగితం వచ్చింది," అంది తల్లి నెమ్మదిగా. "కార్డు తడిగా ఉంది, మళ్ళీ పంపమని. రెండో కార్డు ఇచ్చేలోపే పోయాడు."

పిన్నిగారు బల్ల అంచు పట్టుకుంది. వెనక పెద్దసారు ఏదో అంటున్నాడు.

"ఆ కాగితం రాసింది నేనే," అంది. "కార్డు తడిగా లేదమ్మా. అబద్ధం రాశాను."

ఫోన్లో పిల్లాడి ఏడుపు, ఎవరో నంబరు పిలవడం వినిపించాయి.

"మమ్మల్నే పిలుస్తున్నారు. వెళ్లను," అంది తల్లి. "మిమ్మల్ని అడగాల్సింది తర్వాత అడుగుతాను. ముందు వీణ్ణి ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పండి."