పెండింగ్ ప్రాక్టీసు

ఆ రోజుల్లో ఆడపిల్ల ఆటలాడి ఉద్యోగం తెచ్చుకుందంటే అశోక్‌నగర్‌లో మా వీధి వీధంతా కిటికీల్లోంచి చూసేది. చూస్తే చూశారు, నేను తెచ్చుకున్నాను. వాలీబాల్ బాగా ఆడుతుందని ఓ సర్కారీ ఆఫీసువాళ్ళు పిలిచి మరీ గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. (టైపు రాదు, షార్ట్‌హ్యాండ్ రాదు. వచ్చిందల్లా నెట్ మీదికి ఎగిరి అవతలివాళ్ళ నెత్తిన బంతి వెయ్యడం.) కాకపోతే అది టెంపరరీ. ఆఫీసుల మధ్య జరిగే టోర్నమెంటులో జట్టు తరఫున ఆడితేనే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. ఇంటికి వస్తే పెళ్ళి. ఆ సంగతి మా అమ్మ దాచుకోలేదు, కాకినాడ సంబంధం ఒకటి సిద్ధంగా పెట్టుకునే కూర్చుంది. ఇప్పటివాళ్ళు నవ్వుతారేమో గానీ నా బతుకంతా అప్పట్లో నా రెండు పిక్కల మీదే ఆధారపడి ఉండేది.

అలాంటి సమయంలో అరవై తొమ్మిది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చింది. ఇవాళ బంద్, రేపు కర్ఫ్యూ. చిక్కడపల్లి రోడ్డు మీద బస్సు కనబడితే అందరం బయటికొచ్చి చూసేవాళ్ళం. నారాయణగూడలో మేం ప్రాక్టీసు చేసే గ్రౌండుకు తాళం పడింది. నెలలు గడిచిపోయాయి. పోనీ మేడ మీద గోడకేసి కొట్టుకుందామంటే, మొదటిరోజే బంతి వెళ్ళి పక్కింటి పిన్నిగారు ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాల్లో పడింది. ఆవిడ బంతి తెచ్చి మా అమ్మ చేతికిస్తూ "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా వదినా?" అంది. ఆ దెబ్బతో బంతి అటకెక్కింది. నేను మామిడిపళ్ళు తింటూ కూర్చున్నాను. ఎండాకాలం అయ్యేసరికి మేడ మెట్లెక్కినా ఆయాసం వచ్చేది.

ఇక మా టీం మేనేజరు గారు. ఆఫీసులో సూపరింటెండెంటు, రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు వచ్చిన మనిషి. మేం చాటుగా పెండింగ్ గారనేవాళ్ళం. ఆటలో ఆయనకు ఓనమాలు తెలియవు. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే గుట్టలు పడ్డ ఫైళ్ళన్నీ గుమాస్తాలను రాత్రింబవళ్ళు కూర్చోబెట్టి తేల్పించడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. గ్రౌండు తాళం తీసినరోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి, పాపం ఎంతో ఉత్సాహంగా, "ఏవమ్మా, నెలల ప్రాక్టీసు పెండింగ్ పడిపోయింది. టోర్నమెంటు నెత్తి మీదికొచ్చింది. ఈలోగా పాత బకాయి మొత్తం క్లియర్ అయిపోవాలి. రోజూ ఆ రోజుది కాక, పాతది ఇంకో రెండింతలు!" అన్నారు.

"ఒళ్ళు తట్టుకోదు సార్. ఇన్నాళ్ళూ ఆగి మొదలుపెడుతున్నాం, మెల్లగా పెంచుకుంటూ వెళ్ళాలి" అన్నాను నేను.

"తట్టుకోకపోవడమేమిటమ్మా? ఇన్నాళ్ళూ రెస్టేగా!"

మొదటిరోజు సాయంత్రానికే గాంధీనగర్ నుంచి వచ్చే పొడుగమ్మాయి పిక్క పట్టేసి కుయ్యోమంటూ కూలబడింది. పెండింగ్ గారు ఏం చేశారో తెలుసా? సెలవు మీద వెళ్ళిన గుమాస్తా ఫైళ్ళు పంచినట్టు ఆ పిల్ల వాటా ఎగురుళ్ళు మిగతావాళ్ళకు పంచారు! మర్నాడు ఇంకో అమ్మాయికి భుజం పట్టేసింది. ఆమె వాటా కూడా మాకే వచ్చింది. మూడోరోజు ఎగిరి దిగుతుంటే నా తొడ వెనకాల ఎవరో దారం పట్టి లాగినట్టయింది. ఇంకొక్కసారి ఎగిరితే అది తెగుతుందని నాకు తెలిసిపోయింది. అంతే, కోర్టు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"లే!"

"లేవను సార్. ఫైలు నెలల తరబడి బీరువాలో పెట్టి తీసినా ఫైలు ఫైలులాగే ఉంటుంది. కండ అలా ఉండదు."

"మెమో ఇస్తాను!"

"ఇచ్చుకోండి."

అప్పుడు మా కెప్టెన్ నా దగ్గరికొచ్చింది. ఆమెను అందరం అక్క అనేవాళ్ళం. అంబర్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చేది. వాళ్ళది పాలమూరు వైపు. తండ్రి ఇళ్ళు కట్టే పనిలో పైనుంచి పడి మంచాన ఉన్నాడు. "లే పిల్లా. జర ఆయన చెప్పినట్టు ఇను. నౌకరీ పోతది" అంది.

"నువ్వూ కూర్చో అక్కా. అందరం కూర్చుంటే ఏం చేస్తాడాయన?"

అక్క నవ్వింది. "నువ్వు కూసుంటవ్. మీ నాయినకు నౌకరీ ఉన్నది. నేను కూసుంటే మా ఇంట్ల పొయ్యి కూసుంటది" అని వెళ్ళి నెట్ దగ్గర నిలబడి ఎగరడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీదా, ఆమె మీదా. ఆ వయసులో అంతకన్నా ఏమీ అర్థం కాలేదు.

అన్నట్టే మెమో వచ్చింది. ఆజ్ఞ ఎందుకు ధిక్కరించారో సంజాయిషీ ఇవ్వాలట. నేను సంజాయిషీ ఇవ్వలేదు. రోజూ గ్రౌండుకు వెళ్ళి, ఓ మూల నా మానాన నేను నడిచి, కాస్త పరుగెత్తి, నాలుగు ఎగురుళ్ళు ఎగిరి, ఒళ్ళు చాలన్నప్పుడు ఆపేసేదాన్ని. పెండింగ్ గారు నావైపు చూడటం మానేశారు. టోర్నమెంటు రోజు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, "నీ కాళ్ళు నువ్వే దాచుకో" అన్నారు. కోర్టులోకి దిగినవాళ్ళలో సగంమందికి కట్లున్నాయి. (మా జట్టు మ్యాచ్‌కు వచ్చినట్టు లేదు, ఆస్పత్రి నుంచి వచ్చినట్టుంది.) నేను ఆడకపోతే నా ఉద్యోగం అక్కడితో సరి. అమ్మ ముఖం, కాకినాడ పెళ్ళికొడుకు ఫోటో కళ్ళముందు తిరుగుతున్నాయి.

రెండో గేములో అక్క బంతి కోసం ఎగిరింది. దిగడం మాత్రం సరిగ్గా దిగలేదు. మోకాలు పక్కకు తిరిగిపోయింది. ఆమె అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమెను పక్కకు తెచ్చి కూర్చోబెట్టారు. పెండింగ్ గారు పాలిపోయిన ముఖంతో బెంచీ వైపు తిరిగి, "లేమ్మా, నువ్వు దిగు" అన్నారు.

నేను కదల్లేదు. "నా మీద మెమో పెండింగులో ఉంది సార్. మెమో ఉన్న మనిషి ఆఫీసు తరఫున ఆడొచ్చాండీ?"

రిఫరీ ఈల మీద ఈల ఊదుతున్నాడు. పెండింగ్ గారికి చెమటలు పట్టాయి. ఆ మెమో నకలు ఆయన జేబులోనే ఉంది (ఉండకుండా ఎలా ఉంటుంది!). దాని మీద అక్కడికక్కడే 'చర్య ముగించడమైనది' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి నా చేతిలో పెట్టారు. అంత నొప్పిలోనూ అక్క పకపకా నవ్వింది. "మొండిదానివే! పో, దంచు" అంది.

వెళ్ళి దంచాను. నా శక్తికొద్దీ దంచాను. అయినా చిత్తుగా ఓడిపోయాం. ఓడినా ఆడాను కాబట్టి ఉద్యోగం పర్మనెంటయింది, కాకినాడ ఫోటో వచ్చిన కవర్లోనే తిరిగి వెళ్ళింది. అక్కకూ పర్మనెంటయింది. ఆ మోకాలు మాత్రం మళ్ళీ ఎగరనివ్వలేదు. రిటైరయ్యేదాకా ఆఫీసు మెట్లు ఒక్కొక్కటీ గోడ పట్టుకునే ఎక్కింది. ఆమెకు నాకంటే ధైర్యం తక్కువని చాలాకాలం అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో! నా ధైర్యానికి వెనకాల మా నాన్న జీతం ఉంది. అక్క వెనకాల ఎవరూ లేరు.

తర్వాత్తర్వాత ఆ జట్టుకు నేనే మేనేజరునయ్యాను. వానలకో సమ్మెకో గ్రౌండు మూతపడి తెరిచినప్పుడల్లా నా ఆర్డరు ఒక్కటే: మొదటివారం ఎవ్వరూ నెట్ దగ్గరికి పోకూడదు. ఇంట్లో ఇంకో జీతం ఉందో లేదో చూసుకుని కూర్చోవాలో ఎగరాలో తేల్చుకోవలసిన పని ఏ పిల్లకూ లేదు. పైవాళ్ళు అడిగితే సంతకం నాది, మెమో ఇస్తే నాకే ఇచ్చుకోమన్నాను. పిల్లలు మాత్రం "ఈ ముసలమ్మ ఉరకనియ్యది, ఎగరనియ్యది" అని చాటుగా తిట్టుకునేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. తిట్టుకోనీ. రెండు కాళ్ళ మీదా నిలబడే కదా తిట్టుకుంటున్నారు.