రెండు పున్నముల జ్యేష్ఠం

మొన్న మా ఆవిడ గోడ క్యాలెండర్ కాగితం తిప్పుతూ, "ఏందండీ, ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు అచ్చేశారు, పొరపాటా?" అని అడిగింది. పొరపాటు కాదు. చంద్రుణ్ణి బట్టి లెక్కపెట్టే పన్నెండు నెలలు సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ పడుతుంటాయి. ఆ తరుగు ఒక నెలకు సరిపడా పోగయ్యాక పంచాంగం ఒక నెలను రెండుసార్లు చెబుతుంది. మొదట వచ్చేది అధికం, తర్వాతది నిజం. పండుగలన్నీ నిజంలోనే చేసుకుంటాం. అధిక జ్యేష్ఠం, నేను పంచాంగం చూడటం మొదలుపెట్టాక ఇది నాలుగోసారి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎనిమిదేళ్లు, ఆ తర్వాత పదకొండు, మళ్లీ ఎనిమిది. ఇదంతా ఆమెకు వివరంగానే చెప్పాను. ఆ మొదటిసారి ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు.

మా మేనత్తకు ఒక్కడే కొడుకు. నాకన్నా రెండేళ్లు పెద్ద, వరసకు బావ. వెల్దుర్తికి నాలుగు మైళ్ల అవతల మా ఊరు. కంది, పత్తి, వానను నమ్ముకున్న మిరప. మిరపకాయల బస్తాలు లారీకెత్తే రోజుల్లో మా బావ పందెం కట్టి రెండు బస్తాలు ఒకేసారి వీపున వేసుకుని నడిచేవాడు. పదో తరగతి మూడుసార్లు రాసి మూడోసారి గట్టెక్కాడు. ముందు రెండుసార్లూ లెక్కలే పడగొట్టాయి. నేను ఏడుతోనే చదువు ఆపినా, పొలాల కొలతలూ పంచాంగం చూడటమూ నా అంతట నేనే నేర్చుకున్నాను. ఊళ్లో వంకర పొలం చెక్కలున్నవాళ్లంతా కొలతకు తాడు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్లు. "బామ్మర్దీ, నీ బుర్రా నా కాళ్లూ ఒక్కడికే ఇచ్చుంటే కలెక్టరయ్యేవోడు" అనేవాడు బావ. "పోస్ట్‌మాన్ కూడా అయ్యేవోడు" అనేవాణ్ణి నేను. గుంటూరులో సైన్యం సెలక్షన్లకు పోయినప్పుడు పరుగులో అందరికన్నా ముందొచ్చాడు. చుట్లు లెక్కపెట్టుకోక, ఇంకొకటి ఉందేమోనని ఆగకుండా పరిగెత్తుతుంటే అక్కడివాళ్లు పట్టుకుని ఆపారట.

సైన్యంలో చేరాక అతని అడ్రసులో ఊరి పేరు ఉండేది కాదు, అంకెలే. నాకది నచ్చింది. అత్తకు చదువు రాదు కాబట్టి ఉత్తరాలు రాసేదీ చదివేదీ నేనే. వాటి మీద నేనొక షరతు పెట్టాను: నా ఉత్తరం ఏ తారీఖున అందిందో జవాబులో రాయాలి. బావ నవ్వుకుంటూనే రాసేవాడేమో, ఒక్కసారీ మరిచిపోలేదు. "నేను క్షేమం. ఇక్కడ చలి. పచ్చడి అయిపోయింది. నీ ఉత్తరం ఫలానా రోజు అందింది." అంతే ఉత్తరం. అట్లా తేలిందేమిటంటే, మా ఊరి నుంచి వేసిన ఉత్తరం పదకొండు రోజుల కన్నా ముందు ఎప్పుడూ చేరలేదు, పదహారుకు మించి ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

ఆ ఏడు మాఘంలో సెలవు మీద వచ్చి, తిరిగి బస్సెక్కేటప్పుడు అత్తతో, "అమ్మా, ఏరువాక పున్నమి నాడు పొద్దున పదింటికల్లా వెల్దుర్తి బూతుకాడికి రా. ఫోన్ జేస్తా" అన్నాడు. మా ఊళ్లో అప్పటికి ఫోను లేదు, వెల్దుర్తి టెలిఫోన్ బూతే దిక్కు. ఏరువాక పున్నమంటే జ్యేష్ఠ పున్నమి, ఎడ్లకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులు పూసి, కొత్త సేద్యానికి నాగలి కట్టే రోజు. అత్తకు అన్ని పండుగల కన్నా అదే ఎక్కువ. "నీ గొంతు ఇనందే ఎడ్లకు బొట్టు కూడా పెట్టను" అంది. "ఎడ్లేం జేసినయ్ మధ్యలో" అని నవ్వాడు బావ.

ఎండలు ముదిరేసరికి కార్గిల్ కొండల మీద యుద్ధం మొదలైంది. బావ దళం అటే పోయిందని ఒక చిన్న ఉత్తరం వచ్చింది. తుపాకీ పేల్చే పని కాదట. కింద నుంచి నీళ్లూ కిరోసినూ తూటాలూ వీపున మోసి పైవాళ్లకు చేర్చే పని. "మన మిరప బస్తాలే నయం" అని రాశాడు. అత్త ఆ ఒక్క వాక్యాన్ని నా చేత ఎన్నిసార్లో చదివించుకుంది.

జ్యేష్ఠ పున్నమి వచ్చింది. పొద్దున్నే అత్త ఉతికిన చీర కట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "పద అబ్బాయ్, బూతుకాడికి పోదాం." నేను పంచాంగం తీసి చూపించాను. ఇది అధిక జ్యేష్ఠం, ఏరువాక వచ్చేది పై నెల పున్నమికి. ఇంకా ఇరవై తొమ్మిది రోజులుంది. "ఇయ్యాలా నిండు చందమామే కదరా" అంది అత్త. "నిండు చందమామైతే చాలదత్తా, నెల కూడా కలవాలి" అన్నాను. కాసేపు నిలబడి, నా మాట మీద నమ్మకంతో వెనక్కి పోయింది.

రెండు రోజుల తర్వాత ఎరువుల కోసం వెల్దుర్తి పోతే, బూతు నడిపే శెట్టి నన్ను చూసి బయటికొచ్చాడు. "ఏమయ్యా, పున్నమి నాడు ఒక్కరూ రాలేదేంది? మీ బావ ఫోన్ చేశాడు. కొండ దిగొచ్చి, చానాసేపు లైన్లో నిలబడ్డాడంట. 'మా అమ్మ రాలేదా?' అని అడిగాడు. లేదని చెప్పా. ఇంకోసారి చూడు బాబాయ్ అన్నాడు. వీధిలోకొచ్చి చూసి, లేదనే చెప్పా."

ఆ కొండల మీద పంచాంగం ఎవరి దగ్గర ఉంటుంది? వైశాఖ పున్నమి అయ్యాక వచ్చిన పున్నమి జ్యేష్ఠ పున్నమేనని ఆకాశం చూసి లెక్కవేసుకుని ఉంటాడు. చుట్లు లెక్కపెట్టని మనిషి చంద్రుణ్ణి మాత్రం లెక్కపెట్టాడు.

అత్తకు చెప్పక తప్పలేదు. అంతా విని, "నేను రాలేదనుకున్నాడు, ఎందుకు రాలేదో వాడికి రాయి" అంది. మర్నాడే రాసి పోస్టు చేశాను. తప్పు అమ్మది కాదు, నాదని, అధికమాసం సంగతి ఇదని, నిజ పున్నమి నాడు పొద్దున ఎనిమిదింటి నుంచే బూతు దగ్గర కూర్చుంటామని. నా జీవితంలో అంత పొడుగు ఉత్తరం రాయలేదు.

అది పోస్టు చేసిన పదమూడో రోజున, బరువుతో కొండెక్కుతున్న వాళ్ల మధ్య ఫిరంగి గుండు పడింది. ఇరవై మూడేళ్లు బావకు. జెండా కప్పిన పెట్టెలో ఇంటికి తెచ్చారు. వెల్దుర్తి నుంచి ఊరిదాకా జనం నిలబడ్డారు. తర్వాత ట్రంకుపెట్టె వచ్చింది. అందులో పాత ఉత్తరాలు కట్టగా ఉన్నాయి. చివరిది లేదు. జేబులో పెట్టుకున్నాడో, అసలు అందలేదో చెప్పగలిగేవాళ్లు లేరు.

పెద్దకర్మ అయిన మూడో రోజు నిజ పున్నమి. అత్త మళ్లీ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, "పద" అంది. చెప్పులేసుకుని ఆమె వెంట బూతుకాడికి నడిచాను. శెట్టి కుర్చీ వేశాడు. ఫోను మోగినప్పుడల్లా ఎత్తి, వేరేవాళ్లకని తెలిశాక తల తిప్పుకునేవాడు. మధ్యాహ్నం బూతు మూసే వేళయినా ఆయన మూయలేదు. సాయంత్రం అత్తే లేచి, "ఎడ్లు ఎదురుచూస్తుంటయ్" అంది. ఇంటికొచ్చి వాటికి బొట్టు పెట్టింది.

నన్ను ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. క్రితంసారి అధిక జ్యేష్ఠం వచ్చినప్పుడు మాత్రం, మంచంలో ఉండి అడిగింది. "అబ్బాయ్, ఆ ఉత్తరం వాడికి అందిందంటావా? లెక్కేసి చెప్పు." పదకొండుకూ పదహారుకూ మధ్య పదమూడు. ఆ లెక్క నేను అప్పటికి ఎన్ని వందలసార్లు వేశానో. "అందిందత్తా, రెండు రోజుల ముందే అందింది" అన్నాను. ఆమె నా చేతుల వంక చూసింది. లెక్క ఎంత చిన్నదైనా బొటనవేలితో కణుపులు ముట్టుకుంటూ చెప్పడం నా అలవాటు. "వేళ్లు కదపకుండానే చెప్పావేందిరా" అంది. కోపంగా కాదు. నా చెయ్యి తీసుకుని, వేళ్లన్నీ తన అరచేతిలోకి మూసిపెట్టుకుంది.

అత్త పోయి కూడా ఆరేళ్లయింది. బావ పోయాక ఇరవై ఏడేళ్లు గడిచాయి. నేను పోస్టు డబ్బాలో ఉత్తరం వేసిన దగ్గర్నుంచి ఆ పదమూడు రోజులు మాత్రం నాకింకా గడవలేదు.