మంట అంటుకోని సేనాపతి

పదవీ విరమణకు ముందు ఏడాది, ఫిబ్రవరిలో, జర్మనీలో ఎర్లాంగెన్ పక్కనున్న ఓ చిన్న ఊరి నాటకశాలలో అగ్నిభద్రత తనిఖీ నాకు అప్పగించారు. అప్పటికి నాది సీనియర్ ఇన్‌స్పెక్టర్ హోదా. నా సంతకం లేనిదే వేదిక మీద అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు.

అర్జీ పెట్టినావిడ హెల్గా గారు, ఎనభై దాటిన మనిషి. పందొమ్మిదివందల అరవైల్లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వీధి నాటకాలాడిన బృందానికి నాయకురాలు. కాగితంతో చేసిన సేనాపతి బొమ్మను నడిబజారులో తగలబెట్టబోతుంటే పోలీసులు లాక్కుపోయారట. మిత్రుడొకడు తీసిన సినిమా రీలు కూడా అక్కడితోనే ఆగిపోయింది. ఇప్పుడా రీలును తెర మీద వేసి, అది ఆగినచోట, మళ్ళీ చేసిన అలాంటి బొమ్మను వేదిక మీద నిజంగా కాల్చాలని ఆమె పట్టుదల. "హెర్ రావ్, ఆ ఒక్క పనీ మిగిలిపోయింది" అన్నారు నాతో. ఆ రోజుల్లో ఎవరి అనుమతీ అడగని మనిషి ఈసారి టెర్మిన్, అంటే ముందుగా అపాయింట్‌మెంట్, తీసుకుని, మూడు ప్రతుల్లో అర్జీతో వచ్చారు. నవ్వొచ్చింది గానీ, అర్జీలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

వేదిక మీద మంట వాడితే తెరలకు, అట్టలకు, కాగితాలకు మంట అంటుకోకుండా మందు కొట్టించాలి. ఆరాక ఒక ముక్కకు నిప్పు పెట్టి చూడాలి. పక్కన ఇద్దరు ఫైర్ వాళ్ళు నీళ్ళతో కూర్చోవాలి. నేను ఆదేశంలో "వేదిక మీదున్న కాగితమంతటికీ" అని రాశాను. ఇక్కడి పనివాళ్ళు రాసింది రాసినట్టు చేస్తారు. అదే నా కొంప ముంచింది.

ఆదివారం మధ్యాహ్నం మొదటి ఆట. నిబంధన ప్రకారం నేనూ ఉన్నాను. హాలు నిండింది, రీలు ఆగింది. హెల్గా గారు అగ్గిపుల్ల గీసి సేనాపతి మీసానికి అంటించారు. మీసం నల్లబడింది, అంతే. రెండో పుల్ల, మూడో పుల్ల. ఊహూఁ! పక్కన కూర్చున్న మా ఆవిడ నా చెవిలో, "ఏందండీ, ఆ బొమ్మకు గూడ మందు కొట్టిపిచ్చిన్రా?" అంది.

కొట్టించాను. సంతకం కూడా పెట్టాను.

హెల్గా గారు జనం వైపు తిరిగి, అప్పుడు వీడిని పోలీసులు కాపాడారు, ఇప్పుడు అగ్నిభద్రత వాళ్ళు కాపాడుతున్నారు అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి వేదికెక్కి, తప్పు నాదేనని, అయినా చింపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, సేనాపతి చెయ్యి నా చేతిలో పెట్టి, లాగమన్నారు. లాగాను. ఫైర్ వాళ్ళిద్దరూ వచ్చి చెరో కాలూ లాగారు. తల మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు, తానే చింపారు.

మర్నాడు మా తనిఖీ పత్రం తీసి చూశాను. ఏవి కాలకూడదో రాయడానికి పేజీన్నర గడులున్నాయి. ఏది కాలాలో అడిగే గడి ఒక్కటీ లేదు. ఆ గడిని అన్నిటికంటే పైన చేర్చాను.